మూడో వరస

గురునాథం చేసే పని ఏమిటో ఆయన భార్య తారాదేవికి ఇన్నేళ్ళ కాపురంలోనూ సరిగ్గా బోధపడలేదు. ఎవరైనా అడిగితే "కంప్యూటరు" అని తప్పుకునేది. ఒకరోజు సింగపూరులో చోవా చూ కాంగ్ పేటలో వాళ్ళ బ్లాకు కింద కూరగాయలు కొంటుంటే, కొత్తగా వచ్చిన తెలుగమ్మాయి ఒకతె పట్టుబట్టి అడిగింది. "కంప్యూటరంటే ఏం చేస్తారు అంకుల్?"

గురునాథం సంచీ కింద పెట్టి, ఓపిగ్గా చెప్పాడు. "ఫోన్లో మాటలు కనపడే పెట్టెలుంటాయి చూడమ్మా. అవి కట్టడం నా పని. మాటలు వేరేవాళ్ళు రాస్తారు. పెట్టెలో పడితే సరే. పట్టకుండా పొంగితే ఏం చెయ్యాలో నేను చెప్పాలి."

"పొంగితే ఏం చేస్తారు?"

"పెట్టెని సాగనివ్వచ్చు. లేదా వేలితో జరుపుకుని చూడమనొచ్చు. అదీ కాదంటే పట్టినంత చూపించి, మిగతాది దాచెయ్యచ్చు. పేజీ అందంగా ఉండాలనేవాళ్ళు ఎప్పుడూ ఆ చివరిదే అడుగుతారు."

"అంటే మూత పడకపోతే పెట్టె మీదెక్కి కూర్చోవడం. ఇంతోటి దానికి పాస్‌లూ పర్మిట్లూనా?" అంది తారాదేవి. అమ్మాయి నవ్వింది. గురునాథమూ నవ్వాడు. ఆయన్ని ఎవరేమన్నా నవ్వేసే మనిషి.

సర్దుకుపోవడం ఆయనకి పుట్టుకతో వచ్చింది. కనిగిరి దగ్గర పల్లెలో ఒకటే గదిలో అయిదు తరగతులు నడిచే బడిలో చదివాడు. అక్కడ కూర్చునే చోటు దగ్గర్నుంచీ సర్దుకోవడమే. సింగపూరు వచ్చాక రైల్లో ఎవరైనా ఎక్కితే, అడక్కముందే ఒళ్ళు ముడుచుకుని జాగా ఇచ్చేవాడు. కూతురు దీక్షిత ఇక్కడే పుట్టి పెరిగింది. తండ్రి అలా ముడుచుకోవడం చూసి, "నాన్నా, అంత స్క్వీజ్ అవక్కర్లేదు లా. జస్ట్ స్టాండ్," అని సింగపూరు యాసలో గొణిగేది. ఆఫీసులో మీటింగుల్లోనూ అంతే. నోటిదాకా వచ్చిన మాట ఎదుటివాళ్ళ తొందర చూసి వెనక్కి మింగేవాడు. "ఎందుకులే" అన్నది ఆయన ఊతపదం.

ఆదివారం మాత్రం సెరంగూన్ రోడ్డు పెరుమాళ్ గుడికి వెళ్ళి, అన్నప్రసాదం దగ్గర విస్తళ్ళు వేసేవాడు. అక్కడే పరిచయమయ్యాడు వెంకటసుబ్బయ్య. ఉదయగిరి అవతలి పల్లె అతనిది. జురాంగ్ ఐలాండ్‌లో ఒక రసాయనాల ప్లాంటులో గొట్టాలు విప్పి, కడిగి, బిగించే పని. వారమంతా ఆ పని చేసిన చేతుల్తో ఆదివారం సాంబారు బకెట్టు పట్టుకుని వరసలో తిరిగేవాడు. ముసలివాళ్ళ దగ్గర ఆగి, ముక్కలు ఏరి అడుగునుంచి వడ్డించేవాడు. ఎవరూ చెయ్యమని చెప్పింది కాదు. గురునాథం అది చూసి, ఈ మనిషిలో దేవుడున్నాడు అనుకునేవాడు.

ఒక ఆదివారం చేతులు కడుక్కుంటూ వెంకటసుబ్బయ్య అన్నాడు. "సార్, మా ప్లాంటులో ఇప్పుడు జాగ్రత్తలన్నీ ఫోన్లోనే వస్తా ఉండాయి. తెలుగులో గూడా పెట్టినారు. పని మొదలుబెట్టే ముందర చదివి, 'చదివాను' అని నొక్కాల. కానీ అక్షరాలకి కాళ్ళు తెగిపోతా ఉండాయి."

"కాళ్ళేంటయ్యా?"

ఫోను తీసి చూపించాడు. గురునాథం దగ్గరగా పట్టుకుని చూశాడు. ఆ పేజీ తను పనిచేసే కంపెనీదే. ఆయన కట్టిన పెట్టెలే. వరసల మధ్య ఎడం ఇంగ్లీషు అక్షరాలకి సరిపోయేట్టు పెట్టారు. ఇంగ్లీషుకి కింద ఒత్తులు లేవు కదా. తెలుగులో ఒక్కొక్క వరస అడుగున ఒత్తులన్నీ కత్తిరించినట్టు పోయాయి. 'మెట్లు' అన్నది 'మెటు'లా ఉంది. 'గుడ్డ' కాస్తా 'గుడ' అయింది.

"మా తమిళోళ్ళకి బాగానే కనపడతాది. మన బాసే కుంటుతా ఉంది," అని నవ్వాడు వెంకటసుబ్బయ్య. పక్కనే ఉన్న చంటి, అతని గదిలోనే ఉండే కుర్రాడు, "మామకి కళ్ళజోడు కావాల సార్, తప్పు అక్షరాల మీద పెడతా ఉండాడు," అన్నాడు.

"కాదయ్యా, కళ్ళు బాగానే ఉన్నాయి," అన్నాడు గురునాథం. "నేను చూస్తాను."

మర్నాడు స్నానం చేసి, దీపం పెట్టి, ఏదో నోము పట్టినట్టు ఆఫీసుకి వెళ్ళాడు. తెలుగుకి మాత్రమే వరసల ఎడం పెంచాడు. ఒత్తులన్నీ పాదాలు మోపి నిలబడ్డాయి. అప్పటికి ఉన్న జాగ్రత్తల కార్డులన్నీ ఒక్కొక్కటే తెరిచి చదువుకున్నాడు. అన్నీ ఒకటి రెండు వరసల మాటలే, చక్కగా పట్టాయి. ఎక్కువ పొంగితే మిగతాది దాచెయ్యాలన్న పాత ఆజ్ఞ మాత్రం అలాగే ఉంది. దాన్ని మార్చి, పెట్టె సాగేట్టు చేద్దామా అని ఆయనకి తోచింది. మీటింగులో ఆ మాట ఎత్తబోయాడు కూడా. టీము చూసే కౌశల్ అప్పటికే లాప్‌టాప్ మూసి లేస్తున్నాడు. హైదరాబాదు అబ్బాయి, బిషాన్‌లో ఉంటాడు, ఇంట్లో పసిబిడ్డ. "అన్నా, ఇంకేమన్నా ఉందా? మా ఇంటామె డాక్టర్ దగ్గర వెయిట్ చేస్తాంది," అన్నాడు.

"ఏం లేదులే, వెళ్ళు," అన్నాడు గురునాథం.

ఆ ఆదివారం వెంకటసుబ్బయ్య ఫోను చూపిస్తూ, "సార్, అచ్చు పుస్తకంలో ఉన్నట్టు ఉండాది," అని, తన వాటా పాయసం గిన్నె ఆయన చేతిలో పెట్టాడు. ఆ తీపి చాలారోజులు ఆయన నోట్లో ఉండిపోయింది.

వానలు పట్టిన రోజుల్లో ఒక ఆదివారం, సాంబారు బకెట్టు వేరేవాళ్ళ చేతిలో కనిపించింది. గురునాథం చంటిని అడిగాడు.

"మామ ఆస్పత్రిలో ఉండాడు సార్. గొట్టం మూత తీసినాడు, లోపల్నించి ఆవిరి మొహాన కొట్టింది. ఒక కన్ను ఇంక రాదంట."

గురునాథం చేతిలో విస్తళ్ళ కట్ట అలాగే ఉండిపోయింది.

"తియ్యొద్దని ఫోన్లో ఉండాదంట సార్. ఇంగ్లీషులో ఉండాది, సూపర్‌వైజరు చూపించినాడు. మామేమో తియ్యమనే ఉండాదని ఒకటే మాట. చదువు రానోడు అడిగి చేస్తాడు, చదువొచ్చినోడు చదివి మరీ చేశాడని అందరూ నవ్వతా ఉండారు. నేనూ నవ్వినా," అని చంటి తల దించుకున్నాడు. "తప్పు ఆయనదేనని రాసి ఇంటికి పంపేస్తారంట. ఊర్లో గూడా తెలిసిపోయింది. మామ ఆడామె, చెన్నమ్మత్త, ఫోన్లో తిట్టి పెట్టేసిందంట."

ఆ పూట గురునాథం ప్రసాదం తినకుండానే బయల్దేరాడు. ఇంటికి వెళ్ళేటప్పుడు లిఫ్టు దగ్గర పై అంతస్తు చీనా తాత ఎప్పట్లానే తలుపు మూసుకోకుండా చేయి అడ్డంపెట్టి నిలబడ్డాడు. గురునాథం ఎక్కలేదు. తాతని చూశాడో లేదో కూడా తెలియదు. తాత కాసేపు చూసి, చేయి తీసి, వెళ్ళిపోయాడు.

సోమవారం ఆఫీసులో ఆ కార్డు తెరిచాడు. గొట్టాల్లో ఒత్తిడి చూపే గేజి గురించి ఈ మధ్యనే ప్లాంటువాళ్ళు కొత్తగా చేర్చిన కార్డు అది. పెట్టెలో రెండు వరసలున్నాయి.

*గేజి ముల్లు సున్నాకు వస్తే చాలు,*
*ఇక మూత తీయవచ్చు*

అంతే. ఒత్తులన్నీ నిండుగా, నిక్షేపంలా ఉన్నాయి.

వెనకున్న అసలు పాఠం తీసి చూశాడు. అందులో మూడో వరస ఉంది.

*అనుకోకండి.*

ఇంగ్లీషులో ఆ 'వద్దు' మొదట్లోనే వస్తుంది. తోక తెగినా తల మిగులుతుంది. మన భాషలో ఎంత దూరం వెళ్ళినా, చివరికి క్రియ దగ్గరికి వచ్చాకే ఔనో కాదో తేలుతుంది. ఆ చివరిదే పోయింది. పాత ఎడంలో అయితే మూడు వరసలూ పట్టేవి. ఒత్తులు తెగి అక్షరాలు కుంటుతున్నా, ఆ 'అనుకోకండి' పెట్టె అడుగునైనా కనపడేది. ఒత్తులకి చోటివ్వబోయి, ఆయనే ఆ మాటని బయటికి నెట్టేశాడు.

గురునాథం ఆ రెండు వరసల్నే మళ్ళీ చదివాడు. "రామచంద్రా" అన్నాడు.

కౌశల్‌ని పిలిచి చూపించాడు. కౌశల్ తెలుగు మెల్లిగా కూడబలుక్కుని చదివాడు. చదివాక మొహం మాడిపోయింది. పక్క కుర్చీ లాక్కుని, గొంతు తగ్గించాడు.

"అన్నా, టెక్స్ట్ అయితే పూర్తిగా ఉంది గదా. మనం తీసెయ్యలే. సిస్టంల మూడు లైన్లూ ఉన్నయ్."

"కనపడలేదు కదా నాయనా."

"ఉంది అంటున్న. లేదని ఎవడూ అనలేడు."

"అతను నొక్కింది కనపడింది చదివి. మనం దాచింది చదివి కాదు."

కౌశల్ కళ్ళు రుద్దుకున్నాడు. రాత్రంతా బిడ్డ ఏడ్చినట్టుంది. "నేను ఇయ్యాలనే ఫిక్స్ పెడతా. మిగిలిన కార్డులు గూడ చూద్దాం. కానీ నువ్వు పేరు పెట్టి వాళ్ళకి రాస్తే, అన్నా, నీ కాంట్రాక్టు సంగతి నా చేతుల ఉండదు. నాదీ ఉండదేమో. నాకు పిల్లగాడున్నడు."

"తెలుసు."

"ఆయన కన్ను అయితే రాదు గదా, నువ్వు రాస్తే."

"కన్ను రాదు. ఆ మనిషి అబద్ధమాడలేదని బయటికి వస్తుంది."

కౌశల్ లేచి నిలబడ్డాడు. "నేను కిందికి పోయి కాఫీ తాగొస్తా. వచ్చినంక ఫిక్స్ పెడతా. అప్పుడు ఈ స్క్రీన్ ఇట్ల కనపడదు," అని, గురునాథం మొహం చూడకుండా, "ఆలోపల నువ్వేం ఫోటో తీసుకున్నవో నేను చూడలే," అన్నాడు.

గురునాథం ఫోటో తీశాడు. మొదటిది చెదిరితే మళ్ళీ తీశాడు. కౌశల్ తిరిగి వచ్చినప్పుడు రెండు కప్పులున్నాయి చేతిలో. ఒకటి ఈయన ముందు పెట్టి పనిలో పడ్డాడు.

సాయంత్రం ఇంట్లో తారాదేవికి అంతా చెప్పాడు. ఈసారి ఆమెకి ఆయన పని బాగానే బోధపడింది. గారాబంగా కసరడం, వేళాకోళం ఏమీ లేవు. "రాయండి," అంది.

"ఉద్యోగం..."

"విన్నానండీ. రాయండి." వంటింట్లోకి వెళ్ళి, పొయ్యి వెలిగించకుండా గట్టుకి ఆనుకుని నిలబడింది. దీక్షిత తల్లి దగ్గరికి వెళ్ళి, ఏమిటని అడక్కుండా, బియ్యం కడగడం మొదలుపెట్టింది.

ప్లాంటు సేఫ్టీ ఆఫీసరు ఒక నడివయసు చీనా ఆవిడ. గురునాథం రాసి పంపింది చూసి ఆయన్ని పిలిపించింది. కాగితాలు పక్కకి నెట్టి, ఫోటో ముందు పెట్టి, ఒకే ఒక్క ప్రశ్న అడిగింది.

"ఇందులో 'వద్దు' అన్న మాట ఎక్కడుంది?"

"మూడో వరసలో ఉందండీ."

"ఇందులో మూడో వరస లేదే."

"అదేనండీ నేను చెప్పేది," అన్నాడు గురునాథం.

ఆవిడ లేచి ఆయనకి మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. కార్మికుడి నిర్లక్ష్యం అన్న మాట నివేదికలోంచి తీసేస్తామంది. అతన్ని ఇంకా పనిలో ఉంచడం మాత్రం కుదరదు, ఒంటికన్నుతో ఆ పని చెయ్యనివ్వరు, ఎలాగూ ఇంటికి వెళ్ళాల్సిందే అని కూడా చెప్పింది. గురునాథం కంపెనీ వాళ్ళు ఆయన్ని ఆ పనిలోంచి తప్పించారు. కాంట్రాక్టు ఇక పొడిగించబోమని కబురు వచ్చింది. చెప్పింది కౌశల్ కాదు, పైవాళ్ళు. కౌశల్ ఆ రోజు సెలవు పెట్టాడు.

వెంకటసుబ్బయ్య మంచం కిటికీ పక్కన ఉంది. సగం మొహానికి కట్టు. చంటి వచ్చి వెళ్ళినట్టున్నాడు, బల్ల మీద అరటిపళ్ళు ఒలిచి, సగం సగం తుంపి, చేతికందేలా పెట్టి ఉన్నాయి.

"రాండి సార్. కూచోండి," అన్నాడు వెంకటసుబ్బయ్య.

గురునాథం కూర్చోలేదు. ఫోను తీసి, ఫోటో కట్టులేని అతని ఎడమ కంటికి ఎదురుగా పట్టుకున్నాడు. వెంకటసుబ్బయ్య పెదాలు కదిపి చదివాడు. "గేజి ముల్లు సున్నాకు వస్తే చాలు, ఇక మూత తీయవచ్చు." మళ్ళీ చదివాడు.

"ఇదే సార్. ఇదే నేను చదివింది. అందరూ కాదంటా ఉంటే నాకే మతి చలించిందేమో అనుకుంటా ఉండా." కంట్లోంచి నీళ్ళు కారాయి. నర్సు, మనీలా అమ్మాయి, పరుగున వచ్చి కట్టు తడవకుండా దూదితో కంటికొసన అద్ది వెళ్ళింది.

అప్పుడు గురునాథం మూడో వరస చూపించాడు. అది ఎందుకు కనపడలేదో చెప్పాడు. ఎప్పుడూ అనే సర్దుబాటు మాటలేమీ వాడలేదు. ఎడం పెంచాను, పెట్టె పెంచలేదు, అన్నాడు.

వెంకటసుబ్బయ్య కిటికీ వైపు చూస్తూ విన్నాడు. బయట వాన లేదు, ఎండా లేదు.

"ఎడం జరిపింది మీరే కదా సార్."

"నేనే."

"నేను అడిగినాననేగా."

నీ తప్పేం లేదయ్యా అందామనుకున్నాడు గురునాథం. ఆ మాట అనడానికి తనెవరు?

వెంకటసుబ్బయ్యే అన్నాడు. "ఒక పని జేసిపెట్టండి. మా ఆడామెకి మీరు చెప్పండి. నేను చెప్తే సాకులంటాది. వద్దన్న పని చేసి కన్ను పోగొట్టుకున్నావు, పిల్లోళ్ళకి ఏం మొహం పెట్టుకుని చెప్పాలా అని ఏడస్తా ఉండాది."

నంబరు తనే నొక్కి ఇచ్చాడు. అవతల ఎత్తారు. వెనకాల మేకలేవో అరుస్తున్నాయి.

"అమ్మా, నమస్కారం. నా పేరు గురునాథం. సింగపూరులో వెంకటసుబ్బయ్యగారి దగ్గర్నుంచి..."

"ఏమయినాది ఆయనకి?"

"లేదు, లేదమ్మా. ఏమీ కాలేదు. పక్కనే ఉన్నారు." గురునాథం 'తప్పు' అని మొదలుపెట్టబోయి ఆగి, 'కాదు' అన్న మాటని ముందుకు తెచ్చాడు. "కాదమ్మా. కాదు. తప్పు ఆయనది కాదు. ఫోన్లో తియ్యమనే కనపడింది. వద్దన్న మాట కనపడకుండా పోయింది. ఆయన చదివింది చదివినట్టే చేశారు."

"మరి ఎవురిది?" అంది చెన్నమ్మ.

"నాదమ్మా."

"నువ్వేం జేస్తావు అక్కడ?"

"అక్షరాలు ఫోన్లో కనపడేట్టు సర్దుతానమ్మా."

"కనపడేట్టు," అంది ఆమె. తిట్టలేదు. ఆ ఒక్క మాటనే మళ్ళీ ఒకసారి, దాని బరువు చూస్తున్నట్టు, నెమ్మదిగా అంది. "ఫోను ఆయనకి ఇయ్యి."

గురునాథం ఫోను అతని చెవి దగ్గర పెట్టాడు. వెంకటసుబ్బయ్య దాన్ని అందుకుని, అటు తిరిగి పడుకున్నాడు. ఆమె ఏమంటోందో వినపడలేదు. ఇతని గొంతే అప్పుడొకటీ ఇప్పుడొకటీ వినపడింది. "ఊఁ... ఊఁ... తిన్నాలే... కాదని చెప్పినా గదా నీకు. చెప్పినా గదా..."

నర్సు కుర్చీ ఒకటి తెచ్చి గురునాథం వెనక వేసి వెళ్ళింది. ఆయన కూర్చోలేదు. వెళ్ళమని ఎవరూ అనలేదు, ఉండమనీ అనలేదు. మంచం కాళ్ళ దగ్గర, దుప్పటి జారిన చోట దాన్ని పైకి సర్ది, చేతులు కట్టుకుని నిలబడే ఉన్నాడు.